పాము పెట్టెకు రెండో దారి

ఈ పొద్దున మా ఇంట్లో పాము కుబుసం విడిచింది. ఎక్కడా చిరగకుండా, మేజోడు విప్పి పక్కన పెట్టినట్టు విడిచింది. నన్ను కన్న మా అవ్వ దాన్ని రెండు చేతులతో ఎత్తి, కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ పలచని పొరలోంచి వచ్చిన వెలుగు ఆమె ముఖం మీద మెత్తగా పడింది. పాము పేరెత్తితేనే లేచి గది దాటిపోయిన మనిషి ఈమేనా అనుకుంటూ, చేతిలోని చాయ్ చల్లారిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ పాముకు ఇల్లు కట్టిన మా నాన్న, మా బాపు గుర్తొచ్చాడు.

బాపు బొగ్గుబాయిలో టింబర్ పని చేశాడు. భూమి కింద కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. రిటైరై, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, గోదావరిఖని శివార్లలో సొంత ఇంటికి వచ్చాక ఆయన చేతులకు ఏమీ తోచేది కాదు. బాగున్న కుర్చీలకే మళ్ళీ మేకులు కొట్టేవాడు. మొదటి షిఫ్టు సైరన్ వినపడగానే లేచి, పోవలసిన చోటేదీ లేదని గుర్తొచ్చి, గడప మీద కూచునేవాడు. అలా కూచుంటే ఎండ కాళ్ళ మీదికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. అలాంటి రోజుల్లో, పశువైద్యం చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి బాల్ పైథాన్ తెచ్చుకుంటానంది. విషం లేని పాము, భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుందట. స్నేహితురాలు పెంచలేక ఇచ్చేస్తోందట, అటవీశాఖ కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయట. ఇల్లు రెండు పార్టీలైంది, ఒకవైపు అవ్వ, ఇంకోవైపు మేమంతా. చివరికి అవ్వ ఒక షరతు మీద దిగివచ్చింది.

"పెట్టెల ఉంటే ఉండనియ్యి. ఒక్కసారి బయట కనపడ్డదా, అదన్న పోవాలె, నేనన్న పోవాలె."

అన్న మాట తప్పే మనిషి కాదు అవ్వ.

పాత టేకు మంచం విప్పి బాపు పెట్టె మొదలుపెట్టాడు. అమ్మాయి పక్కన కూచుని చెప్పేది: ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉండాలి, చెమ్మ ఉండాలి, చీకట్లో దాక్కోవడానికి చోటుండాలి. వింటున్నకొద్దీ బాపు కళ్ళు మెరిశాయి. "గిది బాయే కదనే బిడ్డా!" అన్నాడు. చల్లగాలి రావడానికి కింద ఒక వైపు, వేడిగాలి పోవడానికి పైన ఇంకో వైపు కంతలు పెట్టి జాలీ బిగించాడు. వేడి పలకను, వేడి ఎక్కువ కాకుండా చూసే మీటరును అమ్మాయి అమర్చింది. కొబ్బరి పొట్టు పరిచి నీళ్ళు చల్లితే ఇల్లంతా తడిసిన గోనెసంచి వాసన నిండింది. పగిలిన కుండ బోర్లిస్తే గుహ అయింది. పెట్టె ముందువైపు బిగించిన అద్దం జరిపి, చిన్న కర్రతో పెట్టె కప్పు మీద వరసగా తట్టి, చెవి ఆనించి విన్నాడు బాపు. బాయిలో కప్పు బోలుగా మోగితే దాని కింద ఎవరూ నిలబడకూడదు. మోగలేదు కాబోలు, "ఇగ దించుండ్రి" అన్నాడు, షిఫ్టుకు మనుషుల్ని పంపుతున్నట్టు.

తర్వాతి మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలా ఉంటాయి. బయట ఎండ, లోపల ఫ్యాను చప్పుడు, అద్దం వెనక ముదురు చాయ్ రంగు మచ్చలతో పాము మెల్లగా, తొందరే లేకుండా కదలడం. నాలుక బయటికి వచ్చి గాలిని రుచి చూసి లోపలికి పోయేది. బాపు చాప వేసుకుని దాని ఎదురుగా పడుకునేవాడు. ఎవరు ఎవర్ని చూస్తున్నారో చెప్పలేము. సైరన్ మోగినా ఆయన గడప దగ్గరికి పోవడం మానేశాడు.

ఒకనాటి పొద్దున పెట్టె ఖాళీగా ఉంది. అద్దం వేసింది వేసినట్టే ఉంది. అమ్మాయి పెట్టెను వెనక్కి తిప్పింది. అక్కడ అరచేతంత తలుపు, లోపలి నుంచి తోస్తే తెరుచుకునేలా.

"తాతా, ఇదేంది?"

"రెండో దారి" అన్నాడు బాపు, ఇందులో అడగడానికేముందన్నట్టు. "ఒక్కటే దారి ఉన్నకాడ ఎవ్వల్నన్న దించుతరా? అటు కూల్తె ఇటు రావాలె కద!"

రెండు దార్లు లేని బాయిలోకి మనుషుల్ని పంపరు. ఆ పద్ధతి ఆయన ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే, పెట్టె చేసింది పాము బయటికి రాకుండా అన్న సంగతే మరిచాడు. నాకు నవ్వొచ్చింది గానీ అవ్వ షరతు గుర్తొచ్చి మింగేశాను. మంచాల కింద, బియ్యం సంచుల వెనక అంతా వెతికాం. బాపు తన పనిముట్ల సంచి కూడా బోర్లించి చూశాడు. పాము పోతే ఈయన మళ్ళీ ఆ గడప మీదికి పోతాడని నాకు నిజంగా భయమేసింది.

"గిటు రాండ్రి" అని వంటింటి పక్క నుంచి అవ్వ మెల్లగా పిలిచింది. మూలన బాపు పాత బాయి హెల్మెట్ వెల్లకిలా ఉంది. అందులో పాము ఉండచుట్టుకుని, తల దాచుకుని పడుకుంది. అవ్వ దాని ముందు గొంతుక్కూచుని ఉంది.

"నాకంటె దీనికే ఎక్కువ భయమున్నట్టున్నది" అంది.

అమ్మాయి దాన్ని తెచ్చి పెట్టెలో పెట్టి, వెనక తలుపును చేత్తో అదిమి పట్టుకుంది. బాపు చెక్కముక్క, మేకులు తెచ్చుకుని కూచున్నాడు. సుత్తి ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. చెయ్యి రాలేదు. మేమంతా అవ్వ ఏమంటుందోనని చూస్తున్నాం.

"ముయ్యకు" అంది అవ్వ. "జాలీ కొట్టు. దారున్నట్టు దానికి కనపడాలె."

బాపు తలెత్తాడు. అవ్వ పాము వైపే చూస్తూ అంది: "పెండ్లైన కొత్తల, బాయి కూల్తె ఎట్ల అని నేనేడిస్తె, రెండో దారుంటది, ఫికర్ చెయ్యకు అన్నవు. నువ్వు డ్యూటీ చేసినన్ని రోజులు ఆ దారిని తల్సుకునే నేను కన్ను మూసిన."

అప్పటిదాకా నేను అవ్వను పాముకు తప్ప దేనికీ బెదరని మనిషి అనుకున్నాను. షరతు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

బాపు ఇప్పుడు లేడు. నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా పోయాడు. అమ్మాయి ఉద్యోగం వేరే ఊళ్ళో. పాముకు నీళ్ళు మార్చేది అవ్వే. ఈ పొద్దున ఆ కుబుసాన్ని బాపు హెల్మెట్లో పెట్టి, పాత గుడ్డతో పెట్టె వెనక జాలీ మీది దుమ్ము తుడిచింది. కాలం ఒక్క వైపుకే పోతుందని, పోయినవాళ్ళు తిరిగి రారని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా రోజూ తుడుస్తుంది, అటునుంచి ఎవరైనా చూస్తే దారి కనపడాలి కదా అన్నట్టు.