వంతులవారీ ఊపిరి

తెనాలిలో అత్యవసర వైద్యంలో పీజీ చేస్తున్న రోజుల్లో నాకు రెండు పనులుండేవి. డ్యూటీ రోజుల్లో ప్రాణాలు కాపాడటం నేర్చుకోవడం, సెలవు రోజున ప్రాణాలు కాపాడే కంపెనీ పెట్టడం. రెండోది తేలిక, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. బాపట్లలో ఒక స్టార్టప్ పోటీలో ఆ కంపెనీ గురించి చెబితే చప్పట్లు కూడా కొట్టారు. పల్లెల్లో మా వైద్యానికి అసలు అడ్డంకి మనుషుల కొరతేనని అక్కడ ఒక స్లైడంతా వాదించాను.

మరుసటి వారం రేపల్లె వైపు ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ పడింది. వెంటిలేటర్ లేదు. నేనూ, ఒక నర్సమ్మా ఉన్నాం. మధ్యాహ్నం చెరుకుపల్లి వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. అందులోంచి పన్నెండు మంది ఆడవాళ్లు పదమూడో ఆమెను మోసుకుంటూ దిగారు. ఎలా పట్టారన్నది భౌతికశాస్త్రం తేల్చాలి. అందరికీ మోకాళ్ల దాకా బురద. నాట్లు వేస్తుంటే ఆమెను తాచుపాము కరిచిందట. కనురెప్పలు అప్పటికే వాలిపోయాయి. నేను చూస్తుండగానే ఊపిరి ఆగిపోయింది.

గొంతులో గొట్టం వేశాను. పక్కన సీనియర్ లేకుండా వేసిన మొదటిది. నర్సమ్మ విరుగుడు మందు ఎక్కించింది. అది పనిచేసేదాకా, గొట్టానికి తగిలించిన రబ్బరు సంచిని నొక్కుతూ ఉంటేనే ఆమెకు ఊపిరి. పెద్దాసుపత్రి అంబులెన్సుకు రెండు గంటలు పడుతుందన్నారు. పావుగంటకే నా వేళ్లు మొండికేశాయి.

"తప్పుకోండి బాబూ," అంది వాళ్ల నాట్ల ముఠాని నడిపే మేస్త్రి. యాభై ఏళ్లుంటాయి. "ఎట్టా నొక్కాలో చెప్పండి."

"మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కండమ్మా."

ఆమె మనుషుల్ని వరసలో నిలబెట్టింది. ఒకరి వేళ్లు సడలకముందే ఇంకొకరిని పెట్టింది. చేతులు మారుతున్నా ఒక్క ఊపిరి తప్పలేదు.

"ఎవరు అలిసిపోయారో ఎలా తెలుస్తోందమ్మా?"

"నడుం చూస్తే తెలీదా అండి? చేలో ఒకత్తి వెనకబడితే వరసంతా వంకరపోద్ది."

"మన మాటలు దానికి వినపడతాయా అండి?" అడిగింది ఇంకొకామె.

"అన్నీ వినపడతాయి. కదిలే శక్తే లేదు, అంతే," అన్నాను.

ఇక మొదలుపెట్టారు.

"ఏమే వదినా, నీ వంతు నాటు కూడా మాకే అంటగట్టావా?"

"పడుకుంది చూడు మహారాణి, పన్నెండు మంది దాసీల్ని పెట్టుకుని!"

ఒకామె ప్రభువును తలుచుకుంటూ నొక్కింది, తరవాతామె అంకమ్మ తల్లికి మొక్కుకుంటూ నొక్కింది. లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఇంత బాగా నడిచే యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు. మనుషుల కొరత మీద నా స్లైడు గుర్తొచ్చి, ఎవరూ అడక్కపోయినా తల దించుకున్నాను.

అంబులెన్సు ఇంకా దారిలోనే ఉంది. మళ్లీ మేస్త్రి వంతు వచ్చింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"బాబూ, లోపల్నించి ఎవరో తోస్తున్నారండి."

స్టెతస్కోపు పెట్టాను. చిన్న ఊపిరి, సన్నగా, సొంతంగా.

"ఆవిడేనమ్మా," అన్నాను.

మేస్త్రి సంచి వదల్లేదు. చెయ్యి ఖాళీ లేక, మొహం వంచి పక్కామె కొంగుకే తన కళ్లు తుడుచుకుంది.