మైకందుకున్న మా గంగ

మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. ఎలక్షన్లప్పుడు మా మామను ఊరు ఊరంతటి ముందర పట్టిచ్చింది ఎవురో కాదు, మా గంగ. దానికి ఆ నోరు నేర్పిచ్చింది నేను. టీ తాగతా వినండి, చెప్తా.

మా గంగకు మూడేండ్లు నిండేదానికి ఇంకొక నెల ఉంది. చూసినోళ్లు మాత్రం ఏడాదిన్నర బిడ్డ అనుకుంటారు. మాటలొచ్చింది, నడిచింది, పరిగెత్తింది అన్నీ టైముకే. పెరిగేదొక్కటే నిదానం. మూడు నెలలకొకసారి ప్రొద్దుటూరుకు ఎత్తకపోయి లేడీ డాక్టరుకు చూపిస్తాం. ఆయమ్మ అన్ని పరీక్షలూ చేయిచ్చి, రోగమేం లేదు, కొంతమంది బిడ్డలు ఇట్లనే నిదానంగా పెరుగుతారు, పక్కింటి బిడ్డతో పోల్చద్దు అనింది. కాగితం మింద చుక్కలు పెట్టి గీత గీసి, చూడు, దాని దోవన అది పోతానే ఉంది అని చూపిచ్చింది. జమ్మలమడుగులో మా అమ్మయితే, నువ్వు గూడా పదేండ్ల దాకా గంపలో పట్టేదానివి, దానికేమైతాది అంటాది.

ఊర్లో వాళ్లకు చుక్కలూ గీతలూ యాడ పడతాయి? ఒకామె తాయెత్తు కట్టమంటాది, ఇంకొకామె గాడిదపాలు తాపమంటాది. మా అత్త ఏమీ అనదు, బిడ్డ పక్క ఒకసారి, నా పక్క ఒకసారి చూసి ఊపిరి ఇడుస్తాది. అదింకా అన్యాయం. ఒకనాడు పులివెందుల బస్సులో పక్కన కూర్చున్నామె, బిడ్డకు అన్నం పెడతాండావా లేదా అని మొగం మిందనే అడిగింది. నేను కండక్టరు ఈల వేసేదాకా ఆమెతో కొట్లాడితి. ఆ పొద్దే ఇంటికొచ్చి గంగను ముందర నిలబెట్టుకోని పాఠం నేర్పిచ్చినా. ఎవురైనా పాపం చిన్నబిడ్డ అంటే, నాకు మూడేండ్లు, నేను అన్నం తిన్నా అని గట్టిగా చెప్పల్ల. మంది ఉన్నారని సిగ్గుపడద్దు. నిజం చెప్పేదానికి భయమేంది?

ఈ ఆఖరు ముక్కొక్కటి నేర్పకుండా ఉండింటే బాగుండు.

ఇంగ మా ఊరి సంగతి మీకు తెలిసిందే. వేముల పక్క. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఒక పార్టీ. పోయినేడు రెండు పక్కలా బాంబులేసుకున్యారు. పైవీధిలో ఒకాయన చచ్చిపాయె, కిందివీధిలో ఒకాయనకు కాలు పాయె. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. మంద కొండకు పోవాలంటే పైవీధి పెద్దాయన చేన్ల గట్టున పోవల్ల. నీళ్లు తాగాలంటే కిందివీధి పెద్దాయన బావి కాడికే రావల్ల. అందుకని మా మామ పైవీధాయనకు, మా ఇంట్లో నాలుగు ఓట్లూ నీకే నాయనా అని చెప్పినాడు. కిందివీధాయనకు గూడా ఆ నాలుగు ఓట్లే చెప్పినాడు. ఇంట్లో కంబళి మింద కూర్చోని మాకు మాత్రం, ఇద్దరికీ ఎయ్యను, ఇద్దరి వల్లా ఊరు నాశనమైంది అంటా ఉండె. గంగ ఆయన తొడ మిందనే కూర్చోని శెనక్కాయలు తింటా ఉండె. అంత చిన్నబిడ్డ వింటాందని ఎవురనుకుంటారు? ఊరంతా దాన్ని చిన్నబిడ్డ అంటే కొట్లాడే నేను గూడా ఆ మాట అనుకోలే చూడండి.

ఎలక్షన్ల ముందర ఒక పొద్దు ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపిచ్చుకోని, హోటల్లో గంగకు రెండిడ్లీలు, ఒక గుడ్డు తినిపిచ్చి, మధ్యాన్నం బస్సుకు ఊర్లో దిగితి. దిగితే ఏముంది, స్టాపు కాడనే పైవీధోళ్ల మీటింగు. టాపు లేని జీపులో పెద్దాయన నిలబడి మైకులో మాట్లాడతాండాడు. చుట్టూ ఆయన మనుషులు, కట్టెలు పట్టుకోని. ఊరు సగం ఆడనే ఉంది. దోవ లేక నేను ఒక పక్కన నిలబడితి.

ఆయన కిందివీధోళ్లను తిడతాండాడు. అంగన్‌వాడీకొచ్చే పిండి, నూనె వాళ్లే తిన్యారని, బిడ్డలు ఎండిపోయినారని. అప్పుడు ఆయన మనిషి ఓబులేసు కన్ను నా చంకలో బిడ్డ మింద పడింది. ఒక్క నిమిషం ఇయ్యమ్మా అంటానే గంగను ఎత్తుకోని జీపులోకి అందిచ్చినాడు. నేను వద్దప్పా వద్దప్పా అంటా ఉంటే వినేదెవురు?

పెద్దాయన దాన్ని పైకెత్తి ఊరందరికీ చూపిచ్చినాడు. చూడండి, ఈ బిడ్డను చూడండి, కడుపుకు తిండి లేక ఎట్ల ఐపోయిందో చూడండి, ఏడ్చేదానికి గూడా శక్తి లేదు అని మైకులో చెప్తాండాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది బిడ్డకు ఇంత అన్యాయమా అని ఆయన అన్యాడో లేదో, గంగ రెండు చేతుల్తో మైకు పట్టుకునింది.

"నేను ఏడాది బిడ్డ కాదు. నాకు మూడేండ్లు. రెండిడ్లీ తిన్నా. గుడ్డు తిన్నా."

మంది గొల్లుమని నవ్విరి. మీతో నాకు దాపరికమేంది, నాకు ఆ నిమిషం రాజ్యమొచ్చినట్టే ఉండె. నా బిడ్డ, నేను నేర్పిన మాట, మైకులో ఊరంతా వినబడతాంది. ఆడికి దాన్ని దించుకోనింటే కథ అయిపోవు. నేను నవ్వతా నిలబడితి.

పెద్దాయన గూడా నవ్వేసి సర్దుకుందామని చూసినాడు. శభాష్, పిట్ట కొంచెం కూత ఘనం, మరి మీ తాత ఓటు మాకే గదా తల్లీ అని మైకు దాని నోటి కాడ పెట్టినాడు.

"మా తాత నీకు ఎయ్యడు. ఉత్తుత్తికే చెప్పినాడు."

నవ్వు టక్కుమని ఆగిపాయె. పెద్దాయన బిడ్డను నిదానంగా నా చేతికిచ్చి, ఇంటికి పో అమ్మా అన్యాడు. ఆ నిదానం చూసే నేను బిడ్డను చంకనేసుకోని ఇంటి దోవ పడితి.

ఇంటికి పోయేతలికి కబురు నాకంటే ముందరే పోయింది. మా మామ జ్వరమని ముసుగు తన్ని పండుకోనుండాడు. మా ఆయన మందను కొండకు తోలకుండా దొడ్లోనే కట్టేసినాడు. మా అత్త మొదటిసారి ఊపిరి ఇడవకుండా మాట్లాడింది. ఎవురైనా వచ్చి అడిగితే ఏడాది బిడ్డ, ఏదో వాగింది, దానికేం తెలుసు అని చెప్పు, నీకు దండం పెడతా అనింది.

సందకాడ ఓబులేసు ఇంకిద్దరిని వెంటబెట్టుకోని వచ్చినాడు. వాకిట్లోనే నిలబడి, పెద్దాయన అడగమన్యాడు, ఆ బిడ్డ చెప్పింది నిజమా, లేదంటే తెలియక వాగిందా అన్యాడు. మా ఆయన నా పక్క చూసినాడు. మా అత్త నా పక్క చూసింది. ముసుగులోనించి మా మామ గూడా ఒక కన్ను తెరిచి చూసినాడు.

నేను నోరు తెరిస్తి. ఏడాది బిడ్డ... అంటి. ఆ మాట ఆడికే ఆపేస్తి. బస్సుల్లో, పెండ్లిండ్లలో, రచ్చబండ కాడ ఇన్ని రోజులు ఎందుకు కొట్లాడినట్టు? గంగ నా కొంగు పట్టుకోని నా మొగంలోకే చూస్తా ఉండె.

"దానికి మూడేండ్లప్పా. నెల తక్కువ. అది విన్నదే చెప్పింది. మీ పెద్దాయన మాత్రం వినందీ కననిదీ చెప్పినాడు, నా బిడ్డకు తిండి లేదని. ముందర ఆ మాట తప్పని ఒప్పుకోమను, తర్వాత మా ఓట్ల సంగతి మాట్లాడదాం."

అనేసినాక నాకే నమ్మకం కుదరలే, ఆ మాటలన్యది నేనేనా అని. దానికి జవాబు చెప్పేది పెద్దాయన పని గదా, ఓబులేసు చేతిలో ఏముంది? ఎనక్కి తిరిగి పాయిరి.

తెల్లారేతలికి ఎవురొచ్చినారనుకున్యారు? కిందివీధి పెద్దాయన. బిస్కెట్ ప్యాకెట్లు, ఒక కొత్త గౌను పట్టుకోని, పదిమందిని వెంటబెట్టుకోని, పండగ మొగంతో వచ్చినాడు. గౌను ఏడాది బిడ్డది. సరిగ్గా సరిపాయె. అదొక మంట నాకు. ఆయన గంగను ఒళ్లో కూర్చోబెట్టుకోని, పైవీధోళ్ల పరువు తీసిన బంగారు తల్లి ఇదే అని అందరికీ చూపిచ్చినాడు. నేను అయ్యా, దాన్ని అడగద్దు, నన్నడగండి అంటి. ఆయన విననే విన్లే. వీధి మొదట్లో ఓబులేసు నిలబడి చూస్తాండాడని, వానికి వినబడల్లని గట్టిగా అడిగినాడు. తాత ఓటు మాకే గదా తల్లీ అని.

గంగ బిస్కెట్ నములుతా చెప్పింది. "నీకు గూడా ఎయ్యడు. నీకూ ఉత్తుత్తే."

మా మామ ముసుగు ఇంకొంచెం పైకి లాక్కున్యాడు. వీధి మొదట్లో ఓబులేసు కడుపు పట్టుకోని నవ్వతాండాడు. కిందివీధాయన మొగం చూడాల్సింది మీరు. గంగను దించి, గౌను పక్క ఒకసారి చూసి, దాన్ని ఎనక్కి అడిగేదానికి మొగం చాలక లేసినాడు. పోతా పోతా ముసుగు కాడ నిలబడి, ఏం మామా, ఇద్దరికీ టోపీ పెట్టినావే అని మాత్రం అన్యాడు.

ఇంగ బాంబులే అనుకుంటిమి. మధ్యాన్నం పైవీధి నించి కబురొచ్చింది. పెద్దాయన ఏమన్యాడంటే, కిందివీధోళ్లకు గూడా ఓటు లేదంట గదా, ఐతే పర్వాలేదు, మందను తోలుకోమను అన్యాడంట. సాయంత్రం కిందివీధి నించి గూడా అదే మాట. వాళ్లకూ లేనప్పుడు మనకు లేకుంటే ఏమిలే, గొర్రెలకు నీళ్లు తాపుకోమను అని. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది మా ఊర్లో అదే మొదలంట. మా మామ జ్వరం ఆ గంటలోనే దిగిపాయె, మంద ఎనకాల పరిగెత్తుకోని పాయె.

నా బిడ్డకు తిండి లేదన్య మాట తప్పని పైవీధాయన ఒప్పుకోలే. ఆ లెక్క నా దగ్గర అట్లనే ఉంది, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతా. ఐతే ఊర్లో ఇప్పుడు దాన్ని చూసి పాపం చిన్నబిడ్డ అనేవాళ్లు లేరు. అది కనబడితే మాటలు ఆపేసి పక్క సందులోకి పోతాండారు. మా అత్త గూడా మనవరాలు నిద్రపోయిందా లేదా అని చూసుకోని నన్ను తిడతాంది.

ఏమీ? ఆఖరుకు మా ఇంట్లో ఓట్లు ఎవురికి పడినాయనా? నిజం చెప్పేదానికి భయమేందని నేర్పిచ్చినదాన్ని గదా, మీకు చెప్పకుండా ఉంటానా? కొంచెం ఆగండి. గంగ ఈ బెంచీ కిందనే బన్ను తింటాంది. నిద్రపోనీ, అప్పుడు చెప్తా.