అయిదో డిస్కు

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. పాత డిస్కు పాడైంది, అందుకే ప్రమాదం జరిగిన ఆ ఉదయం కెమెరాల రికార్డింగ్ పోయింది అని. తప్పు. పాత డిస్కులు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. వాటి పక్కన కొత్తది పెట్టడం వల్లే పోయింది. ఉద్యోగమంతా డిస్కుల మధ్య గడిపినదాన్ని, ఈ ముక్క చెప్పే హక్కు నాకుంది. వినని వాళ్లతో ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నాను.

అది నా పదవీ విరమణకు ముందు ఏడాది. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో స్టోరేజ్ విభాగానికి లీడ్‌గా ఉన్నాను. ఖాతాదారుల డేటా ఉండే పెట్టెలను కాపాడటం మా పని. ఆ పెట్టెలను 'ప్రొడక్షన్' అంటాం. ప్రొడక్షన్‌లో ఒక కేబుల్ కదపాలన్నా ముందు అనుమతి కావాలి, పనికి కేటాయించిన సమయం కావాలి, తేడా వస్తే వెనక్కి వచ్చే దారి రాసి పెట్టి ఉండాలి. నా కింద సీనియర్ అడ్మిన్‌గా పనిచేసిన శేఖర్ ఈ నియమాల విషయంలో నన్ను మించిన చాదస్తుడు. కర్నూలు మనిషి. మణికొండలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాడు, అసోసియేషన్ సెక్రటరీ కూడా. ఆఫీసులో నేను మేడమ్‌ని, ఇంటికొస్తే అక్కని.

కెమెరాల కంపెనీ ఇచ్చిన రికార్డర్ నచ్చక, అపార్ట్‌మెంట్ కెమెరాలన్నిటినీ తన ఫ్లాట్‌లోని హోమ్ సర్వర్‌కు కలిపాడు. మా ఐటీ వాళ్లకు ఉన్న జబ్బే ఇది. కొన్నదాని మీద నమ్మకం ఉండదు, సొంతంగా బిగించుకుంటే గానీ నిద్ర పట్టదు. నాలుగు డిస్కులు, ఏ ఒక్కటి పోయినా మిగతా మూడింటి నుంచి డేటాను రాబట్టుకునే అమరిక. బాగానే కట్టాడు. కానీ పాత రికార్డింగ్ వెతకడం నెమ్మదిగా ఉందని కమిటీలో గొణుగుడు మొదలైంది. అయిదో డిస్కు వేస్తే వేగం పెరుగుతుందని ప్రెసిడెంటు తేల్చేశారు.

పెరుగుతుంది, పని పూర్తయ్యాక. కొత్త డిస్కును కలపగానే, నాలుగింటి మీద పరిచి ఉన్న డేటాను సర్వర్ అయిదింటి మీదికి మళ్లీ పరచడం మొదలుపెడుతుంది. ప్రతి ముక్కనూ చదవాలి, కొత్త చోట రాయాలి. రోజులు పడుతుంది. అంతవరకూ డిస్కులకు ఊపిరాడదు, మామూలు రాతపని వరసలో నిలబడాల్సిందే. కెమెరాలు మాత్రం ఆగవు. వాటి నుంచి వచ్చే బొమ్మలు కాసేపు మెమరీలో కాచుకుంటాయి. అక్కడ చోటు నిండితే సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేస్తుంది.

శేఖర్‌కు ఇదంతా తెలుసు. అయినా చెప్పాను, పని అయ్యేదాకా రికార్డింగ్‌ను వేరే డ్రైవ్‌కి మళ్లించమని.

"ఇదేమన్నా ప్రొడక్షనా అక్కా? ఇంట్లో డబ్బా!" అని నవ్వాడు. "నీకు యాడ చూసినా ఆఫీసే కనపడతాది."

"ఆఫీసులో అయితే నిన్ను వేలు పెట్టనిస్తానా?"

"అందుకే గదా ఇంట్లో పెడతాండా."

రికార్డింగ్‌ను మళ్లించకుండానే డిస్కు పెట్టాడు. పని ఎంత వేగంగా కానివ్వాలని సర్వర్ అడుగుతుంది. నెమ్మదిగా అంటే మిగతా పనులకు దారి వదులుతుంది. శేఖర్ అన్నిటికంటే వేగమైనదాన్ని ఎంచుకున్నాడు.

మర్నాడు ఉదయం అందరూ ఆఫీసులకు బయల్దేరే వేళ, బేస్‌మెంట్ ర్యాంపు తుడుస్తున్న మా అపార్ట్‌మెంట్ పనామె యాదమ్మను రివర్స్‌లో వస్తున్న కారు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. కారు ఆగలేదు. ఆమె కంటపడింది తెల్లరంగు ఒక్కటే. మా బేస్‌మెంట్‌లో తెల్లది కాని కారు వెతుక్కోవాలి. సాయంత్రానికల్లా, తడి నేల మీద తనే జారిపడిందన్న మాట వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

ఆమె భర్త నర్సింహ నానక్‌రామ్‌గూడలో ఒక టవర్‌కు సెక్యూరిటీ గార్డు. డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చాడు. "జర ఆ బొమ్మ చూపియ్యుండ్రి మేడమ్. ఏ కారో తెలిస్తే సాలు. పోలీసోళ్లు గదే అడుగుతున్రు."

శేఖర్ ఫ్లాట్‌లో ముగ్గురం కూర్చుని చూశాం. యాదమ్మ మాపు పిండుతోంది. తెర అక్కడే నిలిచిపోయింది. తర్వాతి బొమ్మలో బకెట్ దొర్లి ఉంది, చుట్టూ జనం. గేటు కెమెరాదీ అదే వరస. సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ తెరిచాను. ఆ నిమిషాల్లో డిస్కుల దగ్గర రాతపని పేరుకుపోయిందని, బొమ్మలు వదిలేసిందని అందులో ఉంది. శేఖర్ నా వైపు చూడలేదు.

"చెరిపేసిండ్రా?" అని అడిగాడు నర్సింహ.

చెరపలేదన్నాను. చెరిపినదైతే తవ్వి తీసే ప్రయత్నమైనా చేయొచ్చు, ఇది అసలు డిస్కు మీదికి ఎక్కనేలేదు అని వివరించాను.

"గా రెంటికి నాకేం ఫరక్ మేడమ్?"

నా వృత్తిలో ఆ తేడా చాలా పెద్దది.

ఆ వారాంతం కమిటీ మీటింగు పెట్టారు. పాత డిస్కు పాడైందని ప్రెసిడెంటు ప్రకటించారు. ఏ డిస్కో తీసి చూపించండి అన్నాను.

"మేడమ్ గారూ, టెక్నికల్ విషయాలు చెప్పి అందర్నీ కన్ఫ్యూజ్ చేయకండి."

"డిస్కు పాడైందని మీరంటే టెక్నికల్ కాదా అండీ? నేనంటేనే అవుతుందా?"

కొందరు నవ్వారు. శేఖర్‌ను చెప్పమన్నాను. "వదిలెయ్ అక్కా," అన్నాడు నేల చూస్తూ. మీటింగు మినిట్స్ పుస్తకంలో పాత డిస్కే పాడైంది. సాక్ష్యం లేదని పోలీసులు ఊరుకున్నారు. యాదమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, పనికి రాలేదు. ర్యాంపు తుడవడానికి కొత్త మనిషి వచ్చింది. అయిదో డిస్కు సర్దుకుంది. రికార్డింగులు చకచకా తెరుచుకుంటున్నాయి, ప్రెసిడెంటు చెప్పినట్టే.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. డిస్కు చేర్చేముందు, ఆ పని సాగినన్నాళ్లూ ఏది రాయకుండా పోతే ఎవరికి నష్టమో కనుక్కోండి. పెట్టె ఎవరింట్లో ఉన్నా సరే.

డిస్కుల లెక్క నాకు తేలింది. తేలనిది వేరే ఉంది. బొమ్మ లేదని తెలిసింది ఆ రోజు చూసిన మా ముగ్గురికే, మీటింగు దాకా కెమెరాలు అన్నీ పట్టాయనే అపార్ట్‌మెంట్ అంతా నమ్మింది. దొరికిపోతానని భయపడే మనిషి ముందే వచ్చి ఒప్పుకుంటాడు, లేదంటే తప్పించుకు తిరుగుతాడు. ఆ వారమంతా ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ మొహం చాటెయ్యలేదు. అంటే ఆ కారు నడిపిన మనిషి మాతో పాటే మామూలుగా లిఫ్ట్ ఎక్కి దిగాడు. బొమ్మ లేదని అతనికి ముందే చెప్పిందెవరు?