తన మీద కేసు వేయమన్న పెద్దాయన

పెద్దాయన పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను ఏడో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆ ఉదయం ఆమెను కంటి దవాఖానాకు తీసుకెళ్లి, తిరిగి వచ్చి నాచారంలో బస్సు దిగారట. దిగిన చోటే కూర్చుండిపోయారట. గుండె ఆగిపోయింది. "నీకు జెప్పాలె గద బిడ్డా" అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఏడవాలో వద్దో, ఏమని ఏడవాలో నాకు తెలియలేదు. రెండేళ్ల కిందట నా కాలు విరిగింది ఆయన కారు కిందే.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కనుంచి బడికి వెళ్తుంటే, ఉన్నట్టుండి ఎడమకు తిరిగిన కారు నా స్కూటీని ఈడ్చింది. కళ్లు తెరిచేసరికి ఒక ముసలాయన తన తువ్వాలు మడిచి నా తల కింద పెడుతున్నారు. గుమిగూడిన వాళ్లలో ఎవరో, "పోలీసులొస్తే పరేషాన్ అయితవ్ పెద్దమనిషీ, బండి దీస్కొని పో" అన్నారు. ఆయన పోలేదు. నాతో పాటు ఆటో ఎక్కి దవాఖానాకు వచ్చారు. మా ఆయన రాగానే ఎవరూ అడక్కుండానే చెప్పారు.

"తప్పు నాదే. ఇంకోటి గూడ జెప్పాలె. బండికి ఇన్సూరెన్స్ లేదు. అయిపోయి నాలుగు నెలలైంది. యాది మర్సిన."

మా అయోమయం అక్కడ మొదలైంది. నా స్కూటీకి పూర్తి పాలసీ ఉంది కనుక బండి బాగుచేయించడానికి నా కంపెనీయే ఒప్పుకుంది. కాలి సంగతే తేలలేదు. "కోర్టుల సుట్టూ ఎవరు తిరుగుతరు, రాజీ జేస్కుందం" అని మా ఆయన. "కేసు పెట్టకుంటే రేపు మొకం గూడ సూపియ్యడక్కా" అని తమ్ముడు. వకీలు ఇంకోలా చెప్పాడు.

"పోలీసు కేసు వేరు, పరిహారం కేసు వేరు మేడం. బండికి ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడ్తది. లేకుంటే ఓనరే సొంతంగ కట్టాలె. ఆర్డర్ తెస్త. గని ఆయన తాన పైసలుండాలె గద!"

ఎవరి మాట వింటే వాళ్ల మాటే సరైనదనిపించేది. మంచంలో పడుకుని పొద్దున ఒకటి అనుకుని, మధ్యాహ్నానికి ఇంకోటి అనుకునేదాన్ని. నేను లెక్కల టీచర్ని. జవాబు లేని లెక్క ఉండదని పిల్లలకు చెప్పేదాన్ని.

ఆ ఆదివారం పెద్దాయన మా ఇంటికి వచ్చారు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. కుర్చీ అంచునే కూర్చున్నారు. ఏం చేయమంటారని ఆయన్నే అడిగాను. గుద్దిన మనిషిని సలహా అడగడమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది.

"కేసు వెయ్యి బిడ్డా."

"మీ మీదనే గద పెద్దనాయనా?"

"నా మీదనే. ఇయ్యాల సిగ్గుతోని ఇస్తనంటున్న. రేపు నా మనసు మారొచ్చు. నా మాట నమ్ముకోకు, కాయితం నమ్ముకో. పోలీసోళ్లియ్యి, దవాఖానయి, అన్ని ఒక్కతాన పెట్టుకో."

వేశాను.

వాయిదా రోజుల్లో ఆయన అందరికంటే ముందు వచ్చి, నేను కాలు చాపుకోవడానికి వీలుగా కోర్టు వరండాలో బల్ల చివర చోటు ఆపేవారు. నమస్తే కంటే ముందు "కాలెట్లున్నది?" అనేవారు. ఉడకబెట్టిన పల్లీలు తెచ్చి నా చేతిలో పోసేవారు. "ఎదుటి పార్టీ పల్లీలు తింటరా మేడం!" అని మా వకీలు కసిరితే, "పల్లీలల్ల రాజీ లేదు సార్" అన్నారు. వకీలు కూడా నవ్వి రెండు తీసుకున్నాడు.

ఇన్సూరెన్స్ లేని బండి కనుక, పూచీ సొమ్ము కడితే తప్ప స్టేషన్‌లో పెట్టిన కారును ఇచ్చేది లేదన్నారు. ఆయన దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకోలేదు. చివరికి లోక్ అదాలత్‌లో ఇద్దరం ఒప్పుకుని సంతకాలు పెట్టాం. కోర్టు ద్వారానే కారు అమ్మించి, దాచుకున్నది కలిపి, ఒప్పుకున్నదంతా కట్టేశారు. మా ఇంట్లో అందరూ నిమ్మళపడ్డారు.

భార్యను కంటి దవాఖానాకు తిప్పడానికే ఆ కారు కొన్నారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఇద్దరూ బస్సుల్లోనే వెళ్లొచ్చేవారు. కారే ఉంటే ఆ రోజు ఏమయ్యేదో? ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఆయన చెప్పినట్టే చేశాను. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ కాలు లాగుతుంది, అదీ అబద్ధం కాదు. నాది తప్పని ఎవరూ అనలేదు. కాదని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. చాప మీద కూర్చున్న చుట్టాలావిడ, "నువ్వు ఆయనకేమైతవమ్మా?" అని అడిగింది. లోపలి నుంచి ఆయన భార్య, పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఆ బిడ్డకు కాలు నొస్తది, కింద కూసోలేదు. కుర్సీ తెచ్చియ్యుండ్రి."

బయల్దేరే ముందు ఆమె చేయి పట్టుకుని అడిగేశాను. "కారుంటే పెద్దనాయన బతుకుతుండెనా పెద్దమ్మా?"

"ఏమో బిడ్డా. బస్సుల కిటికీ పక్కన కూసోని మంచిగనే ముచ్చట పెట్టిండు. నాకూ సమజైతలేదు."

వద్దన్నా వినకుండా మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. లారీలు, ఆటోలు ఆగకుండా వస్తున్నాయి. సరిగా కనిపించని కళ్లతో ఆమె ఒక అడుగు ముందుకు వేసి, బండ్లకు అడ్డంగా చేయెత్తి నిలబడింది. నేను నెమ్మదిగా దాటాను. అవతలి గట్టున నిలబడి వెనక్కి చూశాను. నేను దాటిన సంగతి ఆమెకు తెలియలేదు. చేయి ఇంకా ఎత్తే ఉంచింది.