మామకు కనబడిన పన్నెండు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదివే పిల్లకు తెలియనిదేముంటుంది చెప్పండి. ఇంట్లో ఎవరైనా "పిల్లది అచ్చం మేనత్త పోలిక" అంటే చాలు, కంచం ముందు కూర్చుని క్రోమోజోముల మీద ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని (అన్నం చల్లారేది, వినేవాళ్ళ మొహాలు కూడా). ఆ తెలివితో నేను చేసిన ఒక ఘనకార్యం గురించి రాయనా అని మొన్న మా మామను అడిగాను. "రాసుకోయే కోడలా. రిటైరైనోన్ని ఇంకేడికి మారుస్తరు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే రెండు రోజులు చెయ్యి కదల్లేదు. పేర్లు మాత్రం రాయను. ఒకసారి పేరు చెప్పి చేసింది చాలు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కొండాపూర్ మండలంలో మా ఊరు. నేను పేగు మెడలో వేసుకుని పుట్టానట. అలా పుడితే మేనమామకు గండం కదా, మా అమ్మమ్మ లబోదిబోమంటూ గిన్నెలో నూనె పోయించి, ఆ నూనెలో నా మొహం నీడ చూసిన తర్వాతే మామను నా దగ్గరికి రానిచ్చిందట. పెద్దయ్యాక నేను ఈ ఆచారాన్ని తెగ వెక్కిరించేదాన్ని. "నూనెలో చూస్తే గండం పోతుందా, మీ మొహాలు!" అనేదాన్ని. మామ నవ్వేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. నా చదువు కోసం మామా అత్తా ముత్తంగిలోని తమ కిరాయి ఇంట్లో నాకొక గది ఇచ్చేశారు. పొద్దున్నే మామ కంపెనీ బస్సెక్కేవాడు, నేను సిటీ బస్సెక్కేదాన్ని. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా చేరి, పదేళ్ళకు రియాక్టర్ మీద ఆపరేటర్ అయ్యాడు మామ. రియాక్టరంటే మందు తయారయ్యే ఉక్కు గంగాళం. దాని పక్కన ఒక ప్యానెల్, ప్యానెల్ మీద ఎర్ర దీపాలూ పచ్చ దీపాలూ. మా ఊళ్ళో ఎవరింటికి పోయినా మామ "నేను ఆపరేటర్‌ను" అనే చెప్పుకునేవాడు. ఆ ఒక్క మాటతో అతని ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

మాకు మానవ జన్యుశాస్త్రం చెప్పే ప్రొఫెసర్‌ను మేము పెడిగ్రీ సార్ అనేవాళ్ళం. పెడిగ్రీ అంటే వంశపటం. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం, లోపమున్నవాళ్ళకు లోపల నలుపు. ఇంతే సంగతి. "సెమినార్‌కి పుస్తకాల్లో ఉన్న రాజుల వంశాలు పట్టుకురాకండి, మీ ఇళ్ళకు వెళ్ళి మీ వంశాలే గీసుకురండి" అని ఆర్డరేశారు సార్. (మా పల్లెలంటే ఆయనకు ప్రాణం. మేనరికానికి పటంలో జంట గీత గీయాలి. ఆ జంట గీతలు చూస్తే పాయసం చూసినట్టు మురిసిపోయేవారు.) నేను వర్ణాంధత్వం తీసుకున్నాను. ఎందుకంటే ఆ పరీక్షకు చుక్కల పుస్తకం చాలు. రంగు రంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మామూలు కంటికి ఒక అంకె, ఎరుపూ పచ్చా తేడా తెలియని కంటికి ఇంకో అంకె. పుస్తకం లాబ్‌లో సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

ఒక ఆదివారం మామను కూర్చోబెట్టి పుస్తకం తెరిచాను. అత్త వంటింట్లో ఉంది.

"మామా, ఇందులో ఏ నెంబరుంది?"

"ఇరవై ఒకటి," అన్నాడు మామ, క్షణం ఆలోచించకుండా.

అత్త తడి చేతులతో వచ్చి తొంగిచూసింది. "ఇరవై ఒకటేందయ్యా, కండ్లు ఏడ వెట్టుకున్నవ్? గది డెబ్బై నాలుగు!"

"నీకు ఎన్నడన్న లెక్కలొచ్చినయా? ఇరవై ఒకటే గది."

"నాకు లెక్కలు రాకపోతే కండ్లు గూడ లేవా? బిడ్డా, నువ్వు జెప్పు!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు లోపల ఆనందం ఆగడం లేదు. ఊరూరా తిరిగి వెతకాల్సిన కేసు మా ఇంట్లో బనియన్ వేసుకుని కూర్చుంది! "అత్త చెప్పిందే రైటు మామా. నీకు ఎరుపూ పచ్చా తేడా తెలియదు, అంతే," అన్నాను పండగలా. అత్త మాత్రం అక్కడే నేల మీద కూలబడింది. సంతకు పంపితే పచ్చి టమాటలు ఏరుకొస్తాడని ఆమె మామను తిట్టని వారం లేదు. మా వీధిలో మామకు టమాట మామ అనే పేరు కూడా పడిపోయింది. "పద్దెనిమిదేండ్ల సంది టమాటల కోసం తిట్టిన. ఒక్కనాడన్న నాకు కనవడ్త లేదని చెప్పద్దా?" అంది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మామ లేచి చొక్కా వేసుకుని నన్ను బయటికి పిలిచాడు.

లారీలు బారులు తీరిన రోడ్డు పక్కన నిలబడి మామ చెప్పిన మాటలు ఇవి: "కోడలా, నాకు ఎరుకే. చిన్నప్పటి సంది ఎరుకే. ప్యానెల్ల ఎడమ దిక్కు దీపం ఎలిగితే మోటర్ నడుస్తది, కుడి దిక్కుది ఎలిగితే ఆగుతది. నేను రంగు సూడ, జాగ సూస్త. ప్యానెల్ మార్చిననాడు షిఫ్టంత నిలవడి ఏది ఎప్పుడు ఎలుగుతదో యాది వెట్టుకున్న. గంగాళం మీద అరచెయ్యి వెడితే చాలు, లోపల ఏమైతుందో నాకు తెలుస్తది. కని ఇది కంపెనీల తెలిస్తే నన్ను ప్యానెల్ కాడికి రానియ్యరు. ఎవ్వరికి చెప్పకు బిడ్డా."

"అయ్యో, పేరు రాయం మామా. పటంలో నల్ల డబ్బా ఉంటుంది, అంతే."

"నల్ల డబ్బా అయితె మంచిదే," అన్నాడు మామ. "నల్లది నాకు కనవడ్తది."

సెమినార్ రోజు హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి మా డిపార్ట్‌మెంట్ పూర్వ విద్యార్థే, ఇప్పుడు ఏదో మందుల కంపెనీలో పెద్దాఫీసర్ అని చెప్పారు. శాలువా కప్పారు. నా వంతు వచ్చింది. మొదటి మూడు స్లైడ్లకే వెనక వరుసలో ఆవలింతలు మొదలయ్యాయి. ముఖ్య అతిథి ఫోన్ చూసుకుంటున్నారు. పటం తెర మీదికి వచ్చింది. మధ్యలో మామ, నల్ల డబ్బాగా. అతని పక్కన అమ్మ గుండ్రం, కింద నా గుండ్రం. మా ఇద్దరి గుండ్రాల్లోనూ ప్రశ్నార్థకాలు, ఎందుకంటే ఈ లోపం ఆడవాళ్ళలో సాధారణంగా బయటికి కనబడకుండా కొడుకుల దాకా నడిచిపోతుంది. ఇదంతా చెప్పి ఆగిపోయాను. ఎవరూ వినడం లేదు. అప్పుడు నోరు జారి టమాటల కథ చెప్పాను. నవ్వారు. హాలంతా నవ్వితే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇక ఆగానా? ఇరవై ఒకటీ డెబ్బై నాలుగూ చెప్పాను, అత్త గొంతు పెట్టి మరీ చెప్పాను. పెడిగ్రీ సార్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ముఖ్య అతిథి ఫోన్ జేబులో పెట్టేశారు. చివరికి, "ఇంతకీ మా మామ ఉద్యోగం ఏమిటో తెలుసా అండీ? ఎర్ర దీపం, పచ్చ దీపం చూసి రియాక్టర్ నడపడం!" అన్నాను. బల్లలు చరిచారు. నాకు మొదటి బహుమతి. మెలికలు తిరిగిన డీఎన్ఏ బొమ్మ, చెక్కతో చేసింది.

భోజనాల దగ్గర ముఖ్య అతిథి నా పక్కకు వచ్చారు. "చాలా బాగా చెప్పావమ్మా. మీ మామయ్యది ఏ కంపెనీ?" అన్నారు. ఆయన గొంతులో ఎంత ప్రేమ! నాకు ఉద్యోగం ఇవ్వడానికే అడుగుతున్నారనుకున్నాను (నవ్వకండి, ఇరవై రెండేళ్ళ వయసు). కంపెనీ పేరు చెప్పాను. "అరె, మాదేనమ్మా!" అన్నారు. నా అదృష్టానికి నేనే పొంగిపోయి, మామ పేరు చెప్పాను, రెండో బ్లాకు అని చెప్పాను, బి షిఫ్ట్ అని చెప్పాను. చేతిలో పులిహోర ప్లేటుతో, "మా మామను కాస్త చూసుకోండి సార్," అని కూడా అన్నాను. ఆయన "తప్పకుండా" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు.

పది రోజుల తర్వాత మామ వేళకాని వేళ ఇంటికొచ్చాడు. చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, నన్నే చూస్తూ చెప్పాడు. కంపెనీ డాక్టర్ పిలిచాడట. బల్ల మీద అదే చుక్కల పుస్తకం. "మొదటి పేజీ తీసిండు. పన్నెండు కనవడ్డది, కోడలా. మంచిగ కనవడ్డది. కని నాకు కనవడ్డది తప్పే ఉంటది గదా అనుకున్న. డెబ్బై నాలుగు అన్న."

ఆ పుస్తకంలో మొదటి పేజీ పన్నెండు అందరికీ కనబడుతుంది. నాకూ, మామకూ, ఎవరికైనా. అది చూపించేది పరీక్ష ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రమే. జీవితమంతా తన కళ్ళతో తాను నెట్టుకొచ్చిన మనిషి, నేను ఒక్క ఆదివారం పుస్తకం తెరిచేసరికి, కనబడిందాన్ని కూడా నమ్మడం మానేశాడు. నేను నేర్చుకున్న జన్యుశాస్త్రంలో ఈ సంగతి ఏ పేజీలోనూ లేదు.

కంపెనీది తప్పని అనను. రియాక్టర్‌తో ఆటలేంటి, ఏదైనా జరిగితే పక్కనున్న వాళ్ళ గతేంటి? మామ తానే ఒకనాడు చెప్పి ఉండేవాడేమో, చెప్పాల్సిందేమో. కానీ చెప్పాల్సింది అతను. నేను కాదు, అదీ నవ్వుల కోసం కాదు. అత్త మాత్రం కోపం దాచుకోలేదు. "పేగు మెడలేసుకొని పుట్టినదానివి, అన్నంత పని జేసినవ్ గదనే!" అని ఏడ్చింది. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం మూడు పూటలా పెట్టింది. ఆ అన్నం ఎలా మింగేదాన్నో నాకే తెలుసు.

మామను గేటుకు మార్చారు. అక్కడ పనేంటో తెలుసా? లోపలికొచ్చే విజిటర్లకు ఎర్ర బిళ్ళలు, లారీ డ్రైవర్లకు పచ్చ బిళ్ళలు ఇవ్వడం! మార్చిన వాళ్ళకు ఆ సంగతి తట్టనే లేదు. మామ ఎవరికీ చెప్పలేదు. ఎర్ర బిళ్ళలన్నిటికీ అంచున మేకుతో గాటు పెట్టుకున్నాడు (ఏది ఎర్రదో మొదటి రోజు ఒక లారీ క్లీనర్‌ను తెలివిగా అడిగి తెలుసుకున్నాడట). క్షమించమని అడగడానికి నేను గేటు దగ్గరికే వెళ్ళాను. మామ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, "ఎర్రదే గదా జూడు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "అరె, ఏడుస్తవేందే అందరి ముంగట! నీ తప్పేం లేదు. ఆనాడు గిన్నెల నూనె జెర తక్కువ వోసినట్టున్నరు," అన్నాడు. అంతలో ఏదో విన్నట్టు లోపలి వైపు తల తిప్పాడు. "రెండో బ్లాకుల మోటర్ బేరింగ్ పోయేటట్టున్నది. జల్దీ సూడాలె. పొద్దటి సంది చెప్తున్న, గేటోని మాట ఎవ్వరింటరు?" రెండు రోజులకు ఆ మోటర్ ఆగిపోయిందని అత్తకు చెబుతుంటే విన్నాను. సంతోషంగా చెప్పలేదు. ఆ గేటు దగ్గరే పన్నెండేళ్ళు కూర్చుని రిటైరయ్యాడు. మళ్ళీ ఎప్పుడూ ఎవరి దగ్గరా ఆపరేటర్‌ననే మాట అతని నోట రాలేదు.

నాకు మందుల కంపెనీ ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా? సంగారెడ్డిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. చెక్క డీఎన్ఏ బొమ్మ బీరువాలో, పాత చీరల కింద ఉంది. పెళ్ళయింది, ఒక కొడుకు. రెండో తరగతి. వాడు మొన్న బడిలో చెట్టు బొమ్మ వేసి తెచ్చాడు. మాను పచ్చగా, ఆకులు మట్టి రంగులో. చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట, "కండ్లు ఎక్కడ పెట్టుకున్నావురా?" పటంలో నా గుండ్రంలో ప్రశ్నార్థకం నా చేతులతో నేనే పెట్టుకున్నాను కదా, ఇన్నేళ్ళు తరగతి గదిలో అదే పటం గీస్తున్నాను కదా, అయినా తట్టలేదు. వాడు బొమ్మ మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారమే మామా అత్తా మా ఇంటికొచ్చారు. నేనూ అత్తా వంటింట్లో ఉన్నాం. ముందుగదిలో తాతా మనవడూ నేల మీద కూర్చుని క్రేయాన్లు ముందేసుకున్నారు. తర్వాత మామ గొంతు వినబడింది, బాగా తగ్గించి.

"మీది కాగితం ఊడకముందే పేరు సదివి, గిట్ల గోరుతోని గీత వెట్టుకోవాలె. ఎర్రదానికి ఒకటి. పచ్చదానికి రెండు. డబ్బల ఏది ఏ జాగల ఉంటదో యాది వెట్టుకో. నాకు గూడ నీ లెక్కనే కనవడ్తది."

"అమ్మకు చెప్పాల్నా తాతా?"

"మీ అమ్మకా?" మామ నవ్వాడు. "అమ్మో, వద్దు బిడ్డా. సెమినార్ల చెప్తది."

వాడికి అర్థమై నవ్వాడో, తాత నవ్వాడని నవ్వాడో, ఇద్దరూ కిలకిలా నవ్వారు. ఇన్నేళ్ళలో మామ నన్ను అన్న మాట అదొక్కటే. అదీ నాతో అనలేదు. తడి చేతులతో గడప దాకా వెళ్ళినదాన్ని అక్కడే ఆగిపోయాను. అత్త నా మొహం చూసి, నా చేతిలోని గరిటె తీసుకుని పొయ్యి దగ్గర తాను నిలబడింది.

వాళ్ళు వెళ్ళాక, మావాడు పడుకున్నాక, క్రేయాన్ల డబ్బా తీసి చూశాను. ఎర్రదానికి ఒక గీత, పచ్చదానికి రెండు. మట్టి రంగుదానికి మాత్రం పేరున్న కాగితం ఊడిపోయింది, ఏ గీతా లేదు. అదీ పచ్చదీ పక్కపక్కనే ఉన్నాయి. మామకు అది ఇంకో పచ్చదిలా కనబడి వదిలేసి ఉంటాడు. అన్నీ తెలిసిన ఆ ఎమ్మెస్సీ పిల్ల గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది. గోరుతో మూడు గీతలు గీసి, క్రేయాన్‌ను దాని చోట్లోనే పెట్టాను. పొద్దున వాడు అడిగితే తాతే గీశాడని చెప్పాను.