మైకెన్ విన్న పంపు మోత

రైలు వీబోర్ స్టేషన్ దాటేసరికే ఎదుటి సీటు ముసలావిడ మైకెన్ చేతిలోని కరపత్రాన్ని తలకిందులుగా చదివేసింది. పరాయి కాగితాలు చదవడం తప్పే. కానీ దేశాలు తిరిగేవాళ్ళకి సగం చదువు అలాగే అబ్బుతుంది.

"'మా పాల పంపు, పనిచేస్తున్నట్టే తెలియనంత నిశ్శబ్దం.' నువ్వే రాశావా, అమ్మాయ్?"

"ఏఐ రాసింది. నేను దిద్దాను."

పాలు పితికే యంత్రాల కంపెనీలో ఆర్నెల్లుగా మైకెన్ పని అదే, కామాలు సర్దడం. మధ్యాహ్నం ఆర్హుస్ ఆఫీసులో పైఅధికారి తోర్కిల్ ఇది చూసి, ఆమెను ఉంచాలో పంపాలో తేలుస్తాడు.

"అది ఎప్పుడైనా పశువుల కొట్టంలో అడుగుపెట్టిందా? పోనీ, నువ్వు?"

"నన్నెవరూ పంపలేదండీ."

"మమ్మల్ని మొదటి ఏడాది రాయనిచ్చేవాళ్ళే కాదు. రైతుల పక్కన కూర్చుని వాళ్ళ రై పిండి రొట్టె తినమనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఈ యంత్రాల ప్రకటనలే రాశాను. నా కోటు వాసన చూడు!"

పక్కసీటాయన విసుగ్గా, మాట్లాడొద్దన్న బోర్డు చూపించాడు.

"మీ పంపు ఈయన కొంటాడులే," అంది ఆవిడ. పేరు గుద్రున్.

లాంగో స్టేషన్ రాగానే గుద్రున్ సంచిలోంచి రబ్బరు బూట్లు తీసి మైకెన్ ఒళ్ళో పడేసింది. "మా తమ్ముడి కొట్టం ఇక్కడే. దిగు."

"అయ్యో, మీటింగుందండీ!"

"అయితే వెళ్ళి నీ కామాలు చూపించుకో."

ఆ మాట గుచ్చుకుంది. మైకెన్ దిగింది.

కొట్టంలో పొద్దుటి పాలు ఇంకా తీస్తున్నారు. కరపత్రంలోని పంపే అక్కడా ఉంది. నిశ్శబ్దమెక్కడిది, సన్నగా బుయ్యిమంటోంది. తమ్ముడు ఓవె దానికి వీపు తిప్పి కాఫీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి మోత మారింది. కప్పు వదిలేసి పరిగెత్తాడు. ఒక ఆవు పాలు పీల్చే గొట్టాల్ని తన్నేసింది!

"చూడకుండా ఎలా తెలిసింది?"

"చెవులున్నాయిగా!"

మైకెన్ వాకిట్లోకొచ్చి తోర్కిల్‌కి ఫోన్ చేసి, కొట్టంలో ఉన్నానని, కరపత్రం మారుస్తున్నానని చెప్పింది.

"మెషిన్ నిమిషంలో రాసినదానికి నీకు పూటంతా కావాలా?" అన్నాడతను.

ఆమె కొత్త వాక్యం చదివింది: "నిశ్చింతగా కాఫీ తాగండి. తేడా వస్తే మా పంపే మీ చెవిన వేస్తుంది."

అవతల అతను ఆ వాక్యాన్ని మెల్లగా తిరిగి చెప్పుకున్నాడు.

"సోమవారం ఇంకో కొట్టానికి వెళ్ళు," అన్నాడు తోర్కిల్ చివరికి. "ఇకమీద ప్రతి సోమవారం."

ఆ మాట చెబుదామని మైకెన్ గిరుక్కున తిరిగింది. గుద్రున్ అప్పటికే కంచె దాటి, ఓవె కుక్కను వెంటేసుకుని ఏటివైపు నడిచి వెళ్ళిపోతోంది. బూట్లు మైకెన్ కాళ్ళకే ఉన్నాయి.