హెర్న్‌డన్‌లో ఒక ఉత్తుత్తి యుద్ధం

ఎడిసన్ ఊళ్లోని మా లా ఆఫీసు చుట్టుపక్కల ఊళ్ల మేయర్లకు న్యాయ సలహాలిస్తుంది. "కాగితం మీద నువ్వు పులివి, నలుగురిలో పిల్లివి. ఆపద వేళ మేయర్ పక్కన కూర్చునే పని నీకివ్వాలో వద్దో ఈ ట్రైనింగ్‌లో తేలిపోవాలి," అంటూ మా సీనియర్ సుధ గారు నన్ను లాయర్లకు పెట్టిన ఉత్తుత్తి యుద్ధం ట్రైనింగ్‌కి హెర్న్‌డన్ పంపారు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకి మెట్రోపార్క్‌లో రైలెక్కాను. పక్క సీటు ఆంటీ నా ప్రయాణం సంగతి విని, పులిహోర డబ్బా నా ముందుకు జరిపి, "యుద్ధానికి లాయర్లెందుకే తల్లీ? శత్రువుకి నోటీసిస్తారా?" అన్నారు. తుపాకీ పేల్చకుండా కరెంటు తీసేసి, పుకార్లు పుట్టించి చేసే యుద్ధాలూ ఉన్నాయని చెప్పాను.

"అదా! మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో రోజూ జరిగేది అదేగా."

వాషింగ్టన్‌లో దిగి మెట్రో పట్టుకుంటే, హెర్న్‌డన్ చేరేసరికి మధ్యాహ్నమైంది. స్టేషన్ నుంచి హోటల్‌కి నడిచే వెళ్లొచ్చు.

శనివారం ఉత్తుత్తి యుద్ధం మొదలైంది. కంప్యూటర్ల మీద దాడితో ఆటలోని ఊరికి నీళ్లు ఆగిపోయాయి. ఒక బల్ల దగ్గర క్యాన్లలో నీళ్లు పోస్తున్నారు. ఇంతలో శత్రువులు తెలుగులో ఒక ఆడియో వదిలారు: "అక్కడ వీసాలు చెక్ చేస్తున్నారు, వెళ్లకండి." ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఊరివాళ్ల పాత్రల్లో ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నీళ్లకు రాలేదు.

మా బృందంలో అందరం లాయర్లమే. అలవాటు కొద్దీ, చేసిందెవరు, దీన్ని యుద్ధమనాలా నేరమనాలా అని వాదిస్తూ కూర్చున్నాం. చివరికి చెయ్యెత్తాను.

"ఎవరు చేశారో రేపు తేల్చుకుందాం. నీళ్ల దగ్గర వీసా అడగరని ఇప్పుడే చెప్పాలి."

మేయర్ పాత్రలో ఉన్నావిడ వెంటనే మైకు అందుకుంది.

"ఆగండి," అన్నాను. అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. "ముందు పోలీస్ చీఫ్ ఆ మాట రాసి సంతకం పెట్టాలి. లేకపోతే మనదీ పుకారే."

సంతకమయ్యాక, ఆ కాగితం ఫొటోతో ప్రకటన వెళ్లింది. కాసేపటికి వరంగల్ నుంచి వచ్చి మాస్టర్స్ చేస్తున్న స్రవంతి ఖాళీ క్యానుతో వచ్చింది.

"నిజంగ అసొంటి ఆడియో వస్తే నేనైతే రాకపోతుండె అక్కా. దాహమైనా రూమ్‌లనే కూసుంటుండె."

"ఈ కాగితం చూస్తే?"

"సంతకం జూమ్ చేసి చూస్త. గప్పుడు వస్త."

ఇద్దరం నవ్వుకున్నాం. క్యాను నింపి నేనే ఆమె చేతికందించాను. ఆమె వెనక మిగతా పిల్లలూ ఖాళీ క్యాన్లతో వరుస కట్టారు.

ఆదివారం తిరుగు రైల్లో ఉండగా సుధ గారి ఫోన్. "నోరు విప్పావా?"

"నాలుగు వాక్యాలండీ."

"లాయరువై ఉండి నాలుగింటితో ఆపేశావా!" అని, మేయర్ పక్క కుర్చీ ఇక నాదేనన్నారు.

ఫిలడెల్ఫియా దాటుతుండగా డైరీ తెరిచాను. యుద్ధ చట్టం గురించి రాద్దామనుకున్నాను గానీ, కలం ఆ వరుస దగ్గరికే వెళ్లింది: ఖాళీ క్యాన్లు, కబుర్లాడుకుంటూ ముందుకు జరుగుతున్న పిల్లలు, ఎవరినీ ఏ కాగితమూ అడగని ఒక బల్ల.